తగువు తెగనివ్వకండి: నదీ దౌత్య సలహాదారు కాబోయేవారికి పన్నెండు చిట్కాలు

దేశాల మధ్యో రాష్ట్రాల మధ్యో గొడవ ముదరకుండా చూసే రాజకీయ సలహాదారు కొలువంత హాయైన కొలువు మరొకటి లేదు. ఎండలో తిరిగే పని లేదు. ఓట్లు అడిగే పని లేదు. గొడవ రాకపోతే మీ ప్రతిభ, వస్తే మీ మాట వినకపోవడం వల్ల. కేబినెట్ హోదా, కారు, గెస్టుహౌసులో ఏసీ గది అన్నీ వాటంతటవే వస్తాయి.

అయితే కుర్రవాళ్ళు చాలామంది ఈ వృత్తిలోకి వచ్చీ రాగానే తగువు తీర్చడానికి పూనుకుంటున్నారు. వాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. తగువు తీరిన మర్నాడు సలహాదారుతో ఎవరికి పని? అలాగని రచ్చకెక్కనివ్వకూడదు. రచ్చకెక్కితే పోలీసులొచ్చి మీ కుర్చీ లాక్కుంటారు. పాలు పొంగకూడదు, చల్లారకూడదు, సన్నసెగ మీద ఉండాలి. ఈ వృత్తి రహస్యమంతా ఇంతే.

ఇది నేర్చుకోవడానికి న్యూయార్కు, జెనీవా వెళ్ళనక్కర్లేదు. కోలారు జిల్లా కేజీఎఫ్ తాలూకాలో బేతమంగళ ఉంది. అక్కడి చెరువును నింపేది పాలారు. నంది కొండల వైపు పుట్టిన ఆ ఏరు కర్ణాటకలో 93 కిలోమీటర్లు, ఆంధ్రలో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. మూడు రాష్ట్రాలు, ఒక్క ఏరు, ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక. ఇంతకంటే మంచి బడి మీకు దొరకదు. చిట్కాలు ఒక్కొక్కటే రాసుకోండి.

1. ముసలి తగువునే పట్టుకోండి

కొత్త తగువు జోలికి పోవద్దు. దానికి సాక్షులు బతికుంటారు, జరిగింది జరిగినట్టు చెప్పేస్తారు. పాలారు తగువుకు ఆ ప్రమాదం లేదు. దాని మూలం 1892 ఫిబ్రవరి 18 నాటి మైసూరు, మద్రాసు ఒప్పందం. అందులో 15 ప్రధాన నదుల పట్టిక ఉంది, పాలారు ఆ పట్టికలో ఉంది. మద్రాసు ముందుగా ఒప్పుకోకుండా మైసూరు ఆ నదుల మీద కొత్త సాగునీటి జలాశయాలు కట్టకూడదు. సంతకాలు పెట్టినవాళ్ళలో ఒక్కరూ లేరు. అడగడానికి మనిషి లేని కాగితమంత సుఖం ఇంకేముంది?

ఆ కాగితం నకలు ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. చదవకండి. చదివితే రెండు చిక్కులున్నాయి. మద్రాసు తనకు అప్పటికే ఉన్న వాడకం హక్కును కాపాడుకోవడానికి తప్ప ఊరికే కాదనకూడదని అందులో ఉంది. మాట కుదరకపోతే మధ్యవర్తుల దగ్గరకు వెళ్ళాలనీ ఉంది. అంటే తగువు తీర్చే దారి ఆ కాగితంలోనే పడుంది. ఆ పేజీలు జెరాక్సు తీయించకండి.

2. ఏటి గట్టు తొక్కకండి

బేతమంగళ చుట్టుపక్కల చెరువుల కింద నీరుగంటి అనే మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో, చివరి కయ్యకు నీళ్ళు చేరాయో లేదో అతనే చూసేవాడు. రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. వానలు తగ్గిన ఏడు ఎవరి మడికి ఎంత కోత పెట్టాలో పెద్దలతో కూర్చుని తేల్చేవాడు. అందరికీ సమంగా కోత పడితే ఎవరూ గొడ్డలి ఎత్తరు. కోతల కాలంలో కళ్ళం దగ్గర అతనికి దక్కేది కొలిచిన గింజలు.

చూశారా, ఎంత కష్టానికి ఎంత కూలి! గొడవ పుట్టకముందే ఆపినవాడికి గింజలు, పుట్టిన గొడవను మోసేవాడికి హోదా. కాబట్టి నీరుగంటి బాట మీకు వద్దు. ఏటిని మ్యాపులో చూడండి. మ్యాపులో పాలారు ఏడాది పొడవునా నీలంగానే ఉంటుంది. దాన్ని చూసి మాట్లాడితే గొంతులో తడి ఆరదు. తప్పనిసరిగా కట్ట మీదికి తీసుకెళ్తే కారు దిగకుండా అద్దం దించి ఫోటో తీయించుకోండి. ఆ ఫోటో వచ్చే ఏడు నివేదికకూ పనికొస్తుంది.

3. లెక్క బయట పెట్టకండి

నీటి తగువులో అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు కొలబద్ద. ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి, ఎన్ని ఆగాయి, ఎన్ని దిగువకు పోయాయి అన్నది మూడు రాష్ట్రాలకూ ఒకే రోజు తెలిస్తే సగం వాదన అక్కడే చచ్చిపోతుంది.

సింధు నది సంగతి చూడండి. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో ఏళ్ళ తరబడి మాట్లాడి 1960 సెప్టెంబరు 19న కరాచీలో సంతకాలు చేశారు. తూర్పు నదులు మూడు ఇండియాకు, పడమటి నదులు మూడు పాకిస్తానుకు. రెండు వైపులా ఒక్కో కమిషనరు, ఏడాదికి కనీసం ఒక్కసారి సమావేశం, ప్రవాహం లెక్కలు ఇచ్చి పుచ్చుకోవడం. ఫలితం? 1965లో, 1971లో ఆ రెండు దేశాలు యుద్ధం చేసుకున్నా ఒప్పందం చెక్కుచెదరలేదు. అన్నేళ్ళలో ఎంతమంది సలహాదారులకు అవకాశం పోయిందో లెక్క వేసుకోండి. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత ఇండియా ఆ ఒప్పందాన్ని నిలిపి ఉంచాక గానీ మనవాళ్ళకు మళ్ళీ పని దొరకలేదు.

అందుకే మీ వైపు లెక్క అడిగితే "క్రోడీకరిస్తున్నాం" అనండి. అవతలివాళ్ళ లెక్క వస్తే "పద్ధతి సరిగా లేదు" అనండి. ఇద్దరూ కలిసి కొలుద్దామంటే ముందుగా ఏ పరికరం కొనాలో తేల్చే ఉపసంఘం వేయించండి.

4. చరిత్రను మీకు నచ్చిన ఏడాది నుంచి మొదలుపెట్టండి

చరిత్ర పొడుగ్గా ఉంటుంది. అంతా చెప్పాలని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టరు. మీ రాష్ట్రానికి ఏ ఏడాది లాభమో ఆ ఏడాది దగ్గర పుస్తకం తెరవండి.

కర్ణాటక తరఫున కూర్చుంటే బాణ రాజుల దగ్గర మొదలుపెట్టండి. బేతమంగళ పాత పేరు విజయాదిత్యమంగళం. ఆ చెరువు కట్టను సుమారు 950లో నొలంబులు, మళ్ళీ 1155లో హొయసల సేనాని బాగు చేయించినట్టు శాసనాలున్నాయి. "మేం వెయ్యేళ్ళుగా ఈ ఏటిని ఆపుకుంటున్నాం" అని బల్ల చరవండి. తమిళనాడు తరఫున అయితే 1892 దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆపండి. ఆంధ్ర తరఫున అయితే రాష్ట్రం పుట్టిన 1953 అక్టోబరు 1 నుంచి మొదలుపెట్టి "మేం ఆ ఒప్పందంలో లేనే లేం" అనండి.

ఎవరి తరఫున కూర్చున్నా ఒక్క విషయం మాత్రం నోట రానివ్వకండి. 1892లో కుప్పం ప్రాంతం, వాణియంబాడి రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఈరోజు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఆ రోజు ఒకే సంతకం కింద ఉన్నవాళ్ళు. ఈ సంగతి గుర్తుకొస్తే వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అలా చూసుకున్నవాళ్ళు మాట కలుపుకుంటారు.

5. మూడు భాషలూ తెలిసినవాళ్ళను గదిలోకి రానివ్వకండి

బేతమంగళలో ఇదో పెద్ద ఇబ్బంది. ఇంట్లో తెలుగు, బడిలో, తాలూకా ఆఫీసులో కన్నడం, కేజీఎఫ్ బజారులో తమిళం. గనుల్లో పని చేయడానికి ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన కుటుంబాలు రాబర్ట్‌సన్‌పేట చుట్టూ స్థిరపడ్డాయి. వి.కోటలో పిల్లనిచ్చినవాళ్ళు, కుప్పం సంతలో ఎద్దులు కొన్నవాళ్ళు ఊరి నిండా ఉంటారు. వీళ్ళను ఒక చెట్టు కింద వదిలితే "ఏమప్పా, ఈ ఏడు మీకెన్ని తడులు కావాలి?" అని ఒకడు, "మామా, రాగికి రెండు తడులు దాటిస్తే చాలు" అని ఇంకొకడు. పొద్దు గూకేలోగా తేల్చేస్తారు.

దీనికి మందు ఉంది. చర్చలన్నీ ఇంగ్లీషులో, రాజధానిలో, రాతపూర్వకంగా జరగాలని నిబంధన పెట్టండి. ఊరి నుంచి ఎవరైనా వస్తే "మీ అభిప్రాయం మెయిల్ చేయండి పెద్దాయనా" అని సాగనంపండి.

6. ముందు కట్టించండి, తర్వాత సంప్రదించండి

సంప్రదింపులు అయ్యాక కడితే అది ఒప్పందం. కట్టాక సంప్రదిస్తే అది తగువు. మనకు కావలసింది రెండోది.

2006లో ఆంధ్ర ప్రభుత్వం కుప్పం మండలం గణేశపురం దగ్గర పాలారు మీద జలాశయం తలపెట్టింది. వెంటనే తమిళనాడు సుప్రీంకోర్టులో దావా వేసింది. 2016లో సరిహద్దులోని పుల్లూరు దగ్గర 5 అడుగుల అడ్డుకట్టను 12 అడుగులకు పెంచారని మళ్ళీ కోర్టుకెక్కింది. అడుగుకో కాగితం, కాగితానికో సమావేశం. ఇటుక పేర్చేవాళ్ళకు తెలియదు గానీ వాళ్ళు పేర్చేది మన ఇంటి గోడ.

కృష్ణరాజసాగరం కథనూ ఇలాగే వాడుకోండి. మద్రాసు చిన్న ఆనకట్టకే ఒప్పుకుంటే మైసూరు పెద్దదానికి సరిపడా పునాది వేసింది. అప్పటి చీఫ్ ఇంజనీరు, తర్వాతి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పూర్వపు కోలారు జిల్లా ముద్దేనహళ్ళిలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టినవాడు. ఆ తగువు 1914లో గ్రిఫిన్ మధ్యవర్తి తీర్పుకు, అక్కడి నుంచి 1924 ఒప్పందానికి చేరింది. మీరు పునాది వరకే చెప్పండి. ఆయన లెక్కలు కట్టి, పటాలు గీసి, ప్రతి అభ్యంతరానికీ జవాబు రాసిన రాత్రుల గురించి చెబితే మిమ్మల్నీ అలా చేయమంటారు.

7. కోర్టు మెట్లెక్కించండి, ట్రిబ్యునల్ అడగండి

దావా వేయించగలిగితే మీ పదవీ విరమణ వరకు భరోసా. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకోండి. కావేరికి ట్రిబ్యునల్ 1990లో ఏర్పడింది, తుది తీర్పు 2007లో వచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని సవరించి తేల్చింది 2018లో. మొదటి రోజున పుట్టిన బిడ్డ చివరి రోజుకు పెళ్ళీడుకొచ్చింది. మధ్యలో ఎన్ని కుటుంబాలు బాగుపడ్డాయో!

కృష్ణకు బచావత్ ట్రిబ్యునల్ 1969లో ఏర్పడి 1973లోనే తీర్పు ఇచ్చేసింది. అంత తొందర ఎవరికీ మంచిది కాదు. 2004లో ఏర్పడ్డ బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ లోటు తీర్చింది. రాష్ట్రం రెండైనా గడువు పొడిగింపులు ఆగలేదు. ఆ పొడిగింపు ఉత్తర్వులను ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకోండి. కొత్తగా చేరినవాళ్ళకు ధైర్యం వస్తుంది.

8. సమావేశాన్ని భోజనం దాకా లాగండి

ఐక్యరాజ్యసమితి చార్టరు 33వ అధికరణం తగువు తీర్చే దారులను వరుసగా చెబుతుంది: సంప్రదింపు, విచారణ, మధ్యవర్తిత్వం, రాజీ, ఆర్బిట్రేషన్, న్యాయస్థానం. ఒక దాంట్లో ఏదైనా తేలేలా కనిపించగానే పక్కదానికి మారమనండి. చివరికి వచ్చాక మళ్ళీ మొదటిదానికి వెళ్ళండి.

సమితి మధ్యవర్తి రాల్ఫ్ బంచ్ చేసిన తప్పు చేయకండి. 1949లో ఇజ్రాయెలుకూ అరబ్బు దేశాలకూ మధ్య ఆయన కూర్చున్నాడు. ఫిబ్రవరిలో ఈజిప్టు, మార్చిలో లెబనాను, ఏప్రిల్‌లో జోర్డాను, జూలైలో సిరియా సంతకాలు పెట్టాయి. నాలుగు ఒప్పందాలూ అర్ధ సంవత్సరంలో అయిపోయాయి. సంతకం చేస్తే బహుమతిగా ఇవ్వడానికి పింగాణీ పళ్ళేలు కూడా చేయించి పెట్టాడని చెబుతారు. 1950లో నోబెల్ బహుమతి ఇచ్చారు, నిజమే. కానీ నెలనెలా వచ్చే భత్యం ముందు ఒక్కసారి వచ్చే బహుమతి ఎంత? సైప్రస్ చూడండి. అక్కడ 1964లో దిగిన శాంతి దళం ఇంకా అక్కడే ఉంది. కాపురం అంటే అదీ.

సమావేశం నడిపే పద్ధతి ఇది. మొదటి గంట స్వాగతాలు. రెండో గంట ఎజెండాలో ఏది ముందు, ఏది వెనుక అన్న చర్చ. మూడో గంట గత సమావేశం మినిట్స్‌లో సవరణలు. ఈలోగా భోజనం వస్తుంది. కోలారు వైపు అయితే రాగిముద్ద, బస్సారు, పెరుగు పెట్టించండి. ముద్ద మింగినవాడు మధ్యాహ్నం వాదించడు. నాలుగింటికి "స్నేహపూర్వక వాతావరణంలో చర్చలు జరిగాయి" అని పత్రికలకు చెప్పి తర్వాతి తేదీ ప్రకటించండి. తేదీ ఎప్పుడూ వర్షాకాలం నడిమధ్యన పెట్టండి. వాయిదాకు కారణం ఆకాశమే ఇస్తుంది.

9. అవతలి సలహాదారును సొంత తమ్ముడిలా చూసుకోండి

మీ వృత్తిలో మీకు అసలైన ఆప్తుడు ఎదుటి పక్షం సలహాదారే. అతని కుర్చీ ఉన్నన్నాళ్ళే మీ కుర్చీ. పొద్దున ఘాటుగా లేఖ రాయండి, రాత్రి ఫోన్ చేసి "తమ్ముడూ, ఎక్కువగా అనుకోకు" అని చెప్పండి. అతను రాసే జవాబులో మీ పేరు మీద రెండు విమర్శలు ఉండేలా బతిమాలుకోండి. శత్రువు తిట్టిన సలహాదారును మంత్రి మార్చడు.

ఏడాదికోసారి ఇద్దరూ కలిసి విదేశంలో నదుల సదస్సుకు వెళ్ళండి. డాన్యూబు గట్టున కూర్చుని పాలారు గురించి ప్రసంగించండి. అక్కడ నీళ్ళున్నాయి కాబట్టి మాట బాగా పారుతుంది.

10. సాకులు సిద్ధంగా పెట్టుకోండి

సాకు అప్పటికప్పుడు పుట్టదు. ముందే కంఠస్థం చేయండి.

రైతు "సార్, మా చెరువుకు నీళ్ళెప్పుడు?" అంటే: "కోర్టులో ఉంది పెద్దాయనా, నోరు విప్పితే ధిక్కారం అవుతుంది."

మంత్రి "ఏమయ్యా, ఎందాకా వచ్చింది?" అంటే: "అవతలివాళ్ళు మెత్తబడుతున్నారు సార్. ఇప్పుడు మనం కదిలితే బిగుసుకుంటారు."

విలేకరి "అన్నా, కాపీ చూపిస్తారా?" అంటే: "చూపిస్తే చర్చలు చెడతాయి తమ్ముడూ."

ఆడిటరు "ఈ ప్రయాణం దేనికండీ?" అంటే: "ఉద్రిక్తత తగ్గించడానికండీ. తగ్గింది కదా!"

ఎవరూ ఏమీ అడగకపోతే మీరే ఒక ప్రకటన ఇవ్వండి: "ఎన్నికల కోడ్ ముగిశాక పురోగతి ఉంటుంది." మూడు రాష్ట్రాలు, లోక్‌సభ, పంచాయతీలు, మునిసిపాలిటీలు. ఎక్కడో ఒకచోట కోడ్ ఉండనే ఉంటుంది.

11. మురికి, ఇసుక, వరద: ఈ మూడింటినీ ఎజెండాలోకి రానివ్వకండి

వాటా గురించి ఎంతైనా మాట్లాడండి. ఏటి ఆరోగ్యం గురించి మాట్లాడితే అందరూ ఒక వైపే అయిపోతారు, అప్పుడు మీకు ఎదురువైపు ఉండదు.

వాణియంబాడి, ఆంబూరు తోళ్ళ ఫ్యాక్టరీల మురికి పాలారును, బావులను పాడు చేసిందని వేలూరు పౌరులు వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాడు చేసినవాడే ఖర్చు భరించాలని చెప్పి ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. పర్యావరణ న్యాయంలో ఈ దేశమంతా చదువుకునే తీర్పు అది. మీరు మాత్రం "అది వేరే శాఖ" అనండి. పై నుంచి నీళ్ళు రావడం లేదని వాదించే రోజున వచ్చిన నీళ్ళను ఏం చేశామన్న ప్రశ్న ఎందుకు?

కోలారు వైపు 2018లో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి చెరువులకు పంపే కేసీ వ్యాలీ పథకం మొదలైంది. కొద్ది వారాలకే నురగ వచ్చి హైకోర్టు కొన్నాళ్ళు ఆపింది. శుద్ధి ఇంకో మెట్టు పెంచాలని కోలారు వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఆ చెరువులు నిండి పొర్లితే నీళ్ళు దిగేది పాలారులోకే అని దిగువ రాష్ట్రాలకు గుర్తు చేయకండి. చేస్తే ముగ్గురూ కలిసి నీటి నాణ్యత పరీక్షిద్దామంటారు.

ఇసుక తోడేస్తే ఏరు నీటిని పట్టి ఉంచలేదన్నది ఏటి ఒడ్డు పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఇసుక మాట ఎత్తినవాడిని "సాంకేతిక నిపుణుడివా?" అని అడిగి కూర్చోబెట్టండి.

వరద విషయంలో మరీ జాగ్రత్త. 2021 నవంబరు వానలకు బేతమంగళ చెరువు నిండి అలుగు పారింది. దాని దిగువన రామసాగరం దాటి, ఆంధ్ర దాటి, వేలూరు వైపు పాలారు గట్లు తాకుతూ పారింది. మూడు రాష్ట్రాల జనం ఏటికి పసుపూ కుంకుమా చల్లారు. అలాంటి రోజుల్లోనే ఎవరో ఒకరు "నిండినప్పుడు ఎంత ఆపుదాం, ఎండినప్పుడు ఎంత వదులుదాం, ఇప్పుడే రాసుకుందాం" అంటారు. ఎవరికీ కరువు లేని రోజున రాసుకున్న కాగితం అందరికీ న్యాయంగా ఉంటుంది, నిలబడుతుంది కూడా. ఆ వారం సెలవు పెట్టి ఊరు వదిలిపోండి. నీళ్ళు సముద్రంలో కలిశాక తిరిగి రండి.

తెలుగుగంగ ఎలా కుదిరిందో గుర్తుంచుకోండి. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణలో తలా 5 టీఎంసీలు వదులుకుంటామని 1976లో ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కలిసి పథకాన్ని ముందుకు తోశారు. 1996లో కృష్ణ నీళ్ళు పూండి చేరాయి. ఎవరికి ఎంత తక్కువైంది అని కాకుండా ఎవరి గొంతు ఎండుతోంది అని చూడటం వల్ల వచ్చిన ప్రమాదం అది. మీ హయాంలో అలాంటిది జరగనివ్వకండి.

12. విజయాన్ని గుర్తుపట్టండి

ఈ చిట్కాలన్నీ పాటిస్తే కొన్నేళ్ళకు పాలారు మీద సంపూర్ణ శాంతి ఏర్పడుతుంది. దాన్ని ఇలా గుర్తుపట్టండి.

బేతమంగళ తూము కింద మడవలు పూడిపోతాయి. ఎత్తడానికి నీళ్ళుండవు కాబట్టి తూము దగ్గర కొట్లాట ఉండదు. నీరుగంటి కొడుకు తెల్లవారుజామున బంగారుపేటలో రైలెక్కి బెంగళూరులో సెక్యూరిటీ గార్డు పనికి పోతాడు. ఒకప్పుడు ఈ చెరువు నీళ్ళు కేజీఎఫ్ గనులకు పోయేవి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, కాబట్టి ఆ వాటా గురించి అడిగేవాళ్ళు ఉండరు. రైతులు వెయ్యి అడుగులు దాటి బోర్లు వేస్తారు. ఫ్లోరైడు వస్తుంది, నీళ్ళు రావు. భయపడనక్కర్లేదు. పక్కనే గనులు 3 కిలోమీటర్ల లోతు దాకా దిగాయి, బోర్లకు ఇంకా చాలా చోటుంది. కుప్పం వైపు అడ్డుకట్టలు 12 అడుగుల ఎత్తున ఎండలో నిలబడి ఉంటాయి. వాణియంబాడిలో కుళాయి దగ్గర వరుస కడతారు గానీ ఎగువ రాష్ట్రాన్ని తిట్టరు, ఎగువన కూడా ఏమీ లేదని తెలుసు కాబట్టి.

పంచుకోవడానికి ఏమీ మిగలని చోట పంపకాల గొడవ ఉండదు. ఘర్షణ నివారణలో ఇంతకు మించిన ఘనత లేదు. మీ చివరి నివేదికలో "మూడు రాష్ట్రాల మధ్య ఉద్రిక్తత సున్నా" అని ధైర్యంగా రాయండి. అది అక్షరాలా నిజం.

ఆ నివేదిక ఇచ్చిన రోజే కొత్త దరఖాస్తు కూడా పెట్టండి. పక్కనే బంగారుపేట తాలూకాలో యరగోళ్ ఉంది. దక్షిణ పినాకినికి ఉపనది అయిన మార్కండేయ మీద కర్ణాటక అక్కడ ఆనకట్ట కట్టింది. కోలారు, మాలూరు, బంగారుపేట పట్టణాలకు తాగునీటి కోసం. తమిళనాడు 2018లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది, ఆపడానికి 2019 నవంబరులో కోర్టు ఒప్పుకోలేదు, ట్రిబ్యునల్ వేయమని తమిళనాడు అడిగింది. వాదన కూడా ఆ 1892 కాగితం మీదే. జెరాక్సులు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఆ ఆనకట్టలో నీళ్ళుండగానే చేరండి.